సూది విరిగిన తుపాకీ

1875 అక్టోబరు, ఒక గురువారం మధ్యాహ్నం, బడికి సెలవు. ఫ్రాన్సులో గాతినే ప్రాంతపు పల్లె. బడికి ఆనుకుని ఉన్న ఇంట్లో పంతులు ఓబ్రే. ఆయన దగ్గర చదువుకుని, సిపాయిగా వెళ్ళొచ్చి, ఇప్పుడు బండి తోలుకుంటున్న సిల్వేన్. కిటికీ దగ్గర కూర్చుని కుంకుమపువ్వు ఒలుస్తున్న పంతులుగారి భార్య ఒర్తాన్స్.

"వర్షం సంగతి చెప్పావు. తర్వాత?"

"తర్వాతా వర్షమే మాస్టారూ. ప్రష్యావాళ్ళకి తుపాకులు అప్పజెప్పిన రోజంటే నాకు గుర్తున్నది అదొక్కటే. మెట్జ్ కోట చుట్టూ పొద్దుట్నుంచీ వాన, మోకాళ్ళ దాకా బురద. పెట్టెయ్యమన్నారు, పెట్టేశాం. అంతే. ఆ మూల గోనెపట్టాలో ఉన్నదేనా నేను తీసుకెళ్ళాల్సింది?"

"అదే. కూర్చో."

"బండి బయటుంది. చీకటి పడకముందే పితివియే పట్నం చేరాలన్నారు మేయరుగారు. యుద్ధంలో మిగిలిపోయిన తుపాకులు ఊళ్ళో అందరి దగ్గరివీ ఎక్కించేశాను, మీదొక్కటే మిగిలింది. పొన్సే తాతైతే తన వేటతుపాకీ పట్టుకుపోతానేమోనని నా మీదకి కర్రెత్తాడు. సైన్యం తుపాకులే తాతా, నీ దాన్ని చూసి పిట్టలు కూడా లేవవులే అన్నాను."

"నీ గుర్రం గడ్డి తింటోంది, చూశాను. కూర్చో సిల్వేన్. చెర నుంచి వచ్చి నాలుగేళ్ళయింది. ఈ గుమ్మం ఎక్కలేదు నువ్వు. చర్చిలో ఆఖరి బల్ల మీద కూర్చుంటావు, ప్రార్థన పూర్తికాకుండానే లేచిపోతావు."

"గుర్రానికి మేత వెయ్యాలి కదండీ."

"ఆదివారం కూడానా?"

"దానికి ఆదివారం అని తెలీదు మాస్టారూ."

"సరే. ఎక్కడ పెట్టారు తుపాకులు?"

"కోట లోపల, గోడ వారన. ఒక దళం తర్వాత ఒక దళం. చలికాలానికి కట్టెలు పేర్చినట్టు పేర్చారు. కోట ముట్టడిలో అన్ని వారాలూ గుర్రం మాంసమే, అదీ ఉప్పు లేకుండా. ఇప్పుడు బండి తోలుతుంటే నా గుర్రం ఉండుండి వెనక్కి చూస్తుంది. దానికి తెలిసిపోయిందేమోనని నా అనుమానం."

"మాట మార్చకు. నేను అడగాలనుకుంది అది కాదు."

"మరేమిటి?"

"నీ తుపాకీ విరగ్గొట్టావా అని."

"చాలామంది విరగ్గొట్టారండీ. రాళ్ళకేసి తుపాకీ కర్ర చీల్చినవాళ్ళున్నారు. తూటా పెట్టే గడియ ఊడబీకి నదిలో పారేసినవాళ్ళున్నారు. నా పక్కన బ్రెతాన్ ప్రాంతపు కుర్రాడొకడు సూది పీకి బూటులో దాచుకున్నాడు. సూది లేకపోతే అది ఇనప గొట్టమే కదా. పైవాళ్ళు కూడా చూడనట్టు ఊరుకున్నారు."

"వాళ్ళ సంగతి విన్నాను. నువ్వు?"

"అందరితో పాటే."

"అందరితో పాటు అంటే?"

"అమ్మగారూ, ఈ ఏడు పువ్వు బాగా పూసినట్టుందే."

"పూసింది. ఆ కూజాలో ద్రాక్షసారా ఉంది, నువ్వే పోసుకో. నా చేతులు ఖాళీగా లేవు."

"వద్దులెండి. దారిలో నిద్రొస్తుంది. మాస్టారూ, ఈ పట్టా కుట్టేశారేమిటి?"

"దుమ్ము పడుతుందని."

"విప్పాలండీ. లోపల తూటా ఉండిపోతే బండి కుదుపుకి పేలుతుంది. అవి కాగితం తూటాలు, నమ్మలేం."

"ఉండదు."

"గడియ లాగి చూశారా మీరు?"

"లేదు."

"మరి నేను చూడొద్దూ? నా వీపు వెనకే కదా పెట్టుకునేది."

"విప్పు. కత్తెర ఆవిడ దగ్గరుంది."

"ఇదిగో, తీసుకో. దారం పారెయ్యకు."

"ఉంచుతానమ్మగారూ. అబ్బ, తుప్పు. ఐదేళ్ళుగా దీనికి నూనె చుక్క చూపించలేదు మీరు. షస్పోయే, మా దళానికిచ్చినలాంటి ఫ్రెంచి తుపాకీ. గడియ రావట్లేదు. ఆఁ, వచ్చింది. తూటా లేదు. సూది విరిగింది."

"విరిగితే ఇక పేలదా?"

"పేలదు. దీని ప్రాణమంతా ఆ సూదిలోనే. అది తూటా అడుగుని పొడుచుకుని లోపలి మందుని తాకాలి. అంత సన్నంగా ఉంటే విరక్కేం చేస్తుంది. అందుకే మా ప్రతివాడి సంచిలోనూ ఇంకో సూది, ఇంకో రబ్బరు ఉండేవి. మార్చుకోడం చుట్ట వెలిగించుకున్నంత సేపు. దీన్ని ఆఖరున పట్టుకున్నవాడికి ఆ సంగతి తెలీలేదు, పారేసిపోయాడు. ఈ రబ్బరు చూడండి, రాయైపోయింది. ఇది గట్టిపడిందంటే మంటంతా కళ్ళల్లోకి కొడుతుంది. నేను అప్పజెప్పినప్పుడు నా దాని రబ్బరు ఎంత మెత్తగా ఉందనీ, కొత్తది కదా."

"కొత్తదా?"

"పాతదే. అంటే కొత్తదే, వేసి చాన్నాళ్ళయింది."

"ఎన్నాళ్ళు?"

"గుర్తులేదు."

"సిల్వేన్."

"ముందు రోజు."

"తుపాకులు అప్పజెప్పేదానికి ముందు రోజు?"

"మా సార్జంటు చెప్పాడు మాస్టారూ. సంధి కాగానే ఎవరి తుపాకీ వాళ్ళకి తిరిగొస్తుంది, పాడుచెయ్యకండి, పైనుంచి ఆజ్ఞ అని. అందరూ నవ్వారు. నేను నమ్మాను. గొట్టంలోకి నూనెగుడ్డ దూర్చి తుడిచాను. సంచిలో ఉన్న కొత్త రబ్బరు వేశాను, కొత్త సూది వేశాను. కర్రకి మైనం కూడా పట్టించాను. నువ్వు పెళ్ళికూతుర్ని పంపిస్తున్నావేంట్రా అన్నాడు బ్రెతాన్‌వాడు. ఎందుకలా చేశానో అప్పుడు నాకూ తెలీదు. చెరలో పడుకుని ఆలోచిస్తే తెలిసింది."

"ఏం తెలిసింది?"

"శనివారం సాయంత్రాలు. సిరాబుడ్లు కడిగించేవారు మీరు. బల్లలు తోమించేవారు. పలక తుడవకుండా పక్కవాడికి ఇస్తే వెనక్కి పంపేవారు. తర్వాతివాడికి శుభ్రంగా అందాలి అనేవారు. మిమ్మల్ని అనడం కాదు."

"అను. ఫరవాలేదు."

"తర్వాతివాడు ఎవడో నేను ఆలోచించలేదు మాస్టారూ. చెరలో మమ్మల్ని కాపలా కాసినవాళ్ళ భుజాన చూశాను. షస్పోలు. మాసినవాటి మధ్య ఒకటి రెండు తళతళలాడుతూ ఉండేవి. అప్పట్నుంచీ ఊళ్ళో ఎవరి బిడ్డ పోయాడని తెలిసినా వాళ్ళ మొహం చూడలేను. అందుకే ఆఖరి బల్ల. చెప్పించేశారుగా. ఇక కట్టేసి తీసుకెళ్తాను."

"ఇది ఎక్కడ దొరికిందో నీకెవరన్నా చెప్పారా?"

"మీ అబ్బాయి క్లోవిస్‌ది కదా?"

"క్లోవిస్ చేతిలో ఏమీ లేదు. వాడి దళానికి ఇచ్చింది నశ్యండబ్బా మూతలా తెరుచుకునే ఆ పాత తుపాకీ. దాన్ని కూడా బోన్ దగ్గర జరిగిన యుద్ధంలో పోగొట్టుకుని, మంచుకి నల్లబడ్డ పాదాలతో ఇంటికొచ్చాడు. ప్రష్యావాళ్ళ కంటబడకుండా అటక మీద దాచాం."

"మరి ఇది?"

"ఊళ్ళో అందరికీ ఆ ఏడు ఒక సంగతి అలవాటైంది. చిన్నపిల్లలు కూడా చెప్పేసేవారు. షస్పో పేలితే ఎండిన పలక విరిగినట్టుంటుంది. ప్రష్యావాళ్ళది పేలితే మూసిన తలుపుని బాదినట్టుంటుంది. తలుపు చప్పుడైతే నేలమాళిగలోకి దిగేవాళ్ళం. పలక చప్పుడైతే రొట్టె పట్టుకుని ఎదురెళ్ళేవాళ్ళం. మెట్జ్‌లో, సెడాన్‌లో మనవాళ్ళు అప్పజెప్పినవి వాళ్ళు తమ దళాలకి పంచుకున్నారని మాకెవరు చెప్తారు."

"వద్దు మాస్టారూ. ఇక చెప్పొద్దు."

"ఒకరోజు అప్పుడే తెల్లవారింది. పొగమంచు. బీట్‌దుంపల కుప్పల అవతల నుంచి పలక విరిగిన చప్పుడు. ఆగి, ఇంకోటి. క్లోవిస్ అటక దిగొచ్చాడు. నాన్నా, మనవాళ్ళు అన్నాడు."

"మీరేమన్నారు?"

"నాకూ అలాగే వినిపించింది."

"కోటు గుండీలు నేను పెట్టాను. పై గుండీ ఊడిపోయి ఉంది. కుట్టి ఇస్తాను, ఉండరా అన్నాను. మనవాళ్ళు దాటిపోతారమ్మా అన్నాడు."

"అమ్మగారూ."

"ఏం లేదు. నువ్వు దారం పారెయ్యనన్నావు, కింద పడేశావు. తీసివ్వు."

"సిల్వేన్, వాడు చేతులూపుకుంటూ వెళ్ళాడు. కుంటుకుంటూ. ప్రష్యావాళ్ళు కాల్చి, అటే వెళ్ళిపోయారు. వాడి దగ్గర్లో గాడిలో ఇది పడి ఉంది. వాణ్ణి తెచ్చిన తోపుడుబండిలోనే ఒర్తాన్స్ దీన్నీ తెచ్చింది. ఎందుకు తెచ్చావని నేను అడగలేదు."

"అంటే సూది విరిగింది అప్పుడే అన్నమాట. ఒక్క గుండు ముందు విరిగి ఉంటే."

"అది నేనూ అనుకున్నాను. రోజూ అనుకుంటాను. విరగలేదు."

"ఇది నాది కాదు మాస్టారూ."

"నేను అనలేదు."

"అక్కడ లక్ష పైనే ఉన్నాయి. కోట గోడలు కనపడలేదు, అన్ని ఉన్నాయి."

"ఉన్నాయి."

"కొత్త సూది నెలలో విరగదు. మామూలుగా విరగదు. చలికి విరుగుతుందనుకోండి. చూడకుండా అనుకోవడమెందుకు, తుపాకీ మీద చెక్కిన అంకె ఉంటుంది కదా. ప్రతిదానికీ ఉంటుంది. మమ్మల్ని పేరుతో కాకుండా దాంతోనే పిలిచేవాళ్ళు, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇదిగో ఇక్కడ, గొట్టానికి ఎడమ పక్క. కళ్ళు మూసుకుని బొటనవేలు పెట్టినా."

"సిల్వేన్, పట్టా చుట్టు."

"ఇక్కడ నున్నగా ఉంది."

"అవును."

"గడియ మీద కూడా నున్నగానే ఉంది. ఇది తుప్పు తిన్నది కాదు. ఎవరో గీకారు."

"నేనే. ఆకురాయితో."

"ఎప్పుడు?"

"మీరు తిరిగొచ్చిన వేసవి. ఈ ఊరి నుంచి మెట్జ్ సైన్యంలో ఎనిమిది మంది ఉన్నారు. ఎనిమిది మందికీ అక్షరాలు దిద్దించింది నేను. మీరు రైలు దిగి ఊళ్ళోకొచ్చిన రోజు డప్పు కొట్టించారు, మీ అమ్మ రోడ్డు మీదే నిన్ను పట్టుకుని ఏడ్చింది. నేను ఈ గుమ్మంలో నిలబడి మీ మొహాలు చూడలేదు. చేతులు చూశాను. మర్నాడూ చూశాను. ఏదో ఒకరోజు మీలో ఒకణ్ణి ఆపి అంకె అడుగుతానని భయమేసింది."

"అడగాల్సింది."

"అడిగి?"

"ఏమో. అడగాల్సింది."

"అడిగితే నా దగ్గర ఒక జవాబుంటుంది. దాన్నేం చేసుకోను? బళ్ళో ఇప్పుడు మీ తమ్ముళ్ళున్నారు, మీ అక్కల పిల్లలున్నారు. వాళ్ళకి పొద్దున్నే లెక్కలు చెప్పాలి."

"గీకేముందు చదివారా?"

"పట్టా చుట్టమన్నాను."

"చదివారా మాస్టారూ?"

"చదివాను."

"గుర్తుందా?"

"అంకెలు నేను మర్చిపోను. నీకు తెలుసుగా."

"అయితే నాది చెప్తాను."

"వద్దు."

"పితివియే దాకా నేనూ అదీ తప్ప ఇంకెవరూ ఉండరు. అక్కణ్ణుంచి కార్ఖానాకి పంపిస్తారట. సూది తీసేస్తారు, రబ్బరు తీసేస్తారు, ఇత్తడి తూటాకి సరిపడేలా లోపల మార్చేస్తారు. కొత్త పేరు, కొత్త సిపాయి. ఇక ఎవడికీ దొరకదు. నాకు మాత్రం రోజూ దొరుకుతుంది. కాదు అనండి చాలు."

"అవునైతే?"

"అవునైతే అవుననండి. ఏదో ఒకటి. ఇలా గీకేసినట్టు మాత్రం ఉంచకండి."

"నువ్వు చిన్నప్పుడూ ఇంతే. తప్పో ఒప్పో చెప్పేదాకా బల్ల దగ్గర్నుంచి కదిలేవాడివి కాదు."

"అప్పుడు చెప్పేవారుగా."

"ఇలా రా. గట్టిగా అనకు, అక్కడ ఆవిడుంది. చెవిలో చెప్పు. మెల్లగా. ఆఖరి రెండూ మళ్ళీ చెప్పు, సరిగ్గా వినపళ్ళేదు. ఊఁ."

"మాస్టారూ?"

"కాదు."

"నిజంగానా?"

"కాదు సిల్వేన్. నీది కాదు. మొదటి అంకె దగ్గరే తేడా వచ్చింది."

"ఒట్టు?"

"నేనెప్పుడన్నా నీకు తప్పు లెక్కకి ఒప్పు పెట్టానా?"

"లేదు. ఎప్పుడూ పెట్టలేదు. నేనిప్పుడు… క్షమించండి."

"ఆ గుడ్డతో కాదు, అది నల్లబల్లది. మొహమంతా సుద్దవుతుంది. ఇదిగో, నా రుమాలు. ఉంచుకో."

"ఉతికి తెచ్చిస్తాను."

"తెచ్చివ్వు. తొందరేం లేదు."

"ఆదివారం ముందు బల్ల మీద కూర్చుంటాను మాస్టారూ. మా అమ్మ ఎన్నిసార్లు అడిగిందో. అమ్మగారూ, వెళ్ళొస్తాను. ఇదిగో మీ కత్తెర. దారం కూడా."

"వెళ్ళిరా. చెరువు పక్క దారి జారుతోంది, గుర్రాన్ని తోలకు, నడిపించు."

"అలాగే. అది నా మాట విన్నా వినకపోయినా మీ మాట చెప్తాను దానికి."

"బండి కదిలిందండీ."

"ఊఁ."

"ఈల వేస్తున్నాడు, విన్నారా?"

"విన్నాను."

"తిరిగొచ్చాక వాడి నోట ఈల వినడం ఇదే మొదటిసారి."

"ఇంకా ఎన్ని పూలున్నాయి? నేనూ ఒలుస్తాను, ఇటు జరుగు."

"మీకు చేతకాదు. ఎర్ర కేసరాలతో పాటు పచ్చవి కూడా పీకేస్తారు. ఊరికే కూర్చోండి. ఒక మాట అడుగుతాను."

"అడుగు."

"చదివానన్నారు వాడితో."

"అన్నాను."

"మీరు చదవలేదు. అంకె మీద ఎండిన మట్టి అలాగే ఉండగా దాని మీదే ఆకురాయి పెట్టారు. మొహం గోడవైపు తిప్పుకుని గీకారు. నేను తలుపు దగ్గరే ఉన్నాను."

"వాడు అలా బతకలేడు ఒర్తాన్స్. చూశావుగా వాడి మొహం."

"తప్పన్నానా? మంచిపనే చేశారు. నేనైనా కాదనే చెప్పేదాన్ని."

"మరింకేం?"

"ఆ అంకె మీదకి మట్టి ఎలా వచ్చిందనుకున్నారు?"

"గాడిలో పడి ఉంది కదా. అక్కడిదే."

"గాడిలోది ఆ పొద్దుటే కడిగేశాను. క్లోవిస్ మొహం కడిగి మిగిలిన నీళ్ళతో. తర్వాత పెరట్లో మట్టి తెచ్చి నేనే మెత్తాను. మీరు పంతులు, కంటబడ్డ అంకెని చదవకుండా ఉండలేరని."

"అంటే నువ్వు…"

"నేను చదివాను. ఐదేళ్ళుగా పువ్వు ఒలుస్తున్నా అదే, పాలు పితుకుతున్నా అదే, నోట్లో తిరుగుతూనే ఉంటుంది. వాడు మీ చెవిలో చెప్పింది నాకు వినపడలేదు. ఏం చెప్పాడు?"

"పొద్దుపోయింది. దీపం పెట్టనా?"

"ఇంకా వెలుతురుంది. ఏం చెప్పాడండీ?"

"ఒర్తాన్స్, వాడు ఈల వేసుకుంటూ వెళ్తున్నాడు."

"వెళ్ళనివ్వండి. నేను వాణ్ణి ఒక్క మాట అనను. ఎవర్నీ ఏమీ అనను, ఈ వయసులో ఏమని అంటాను. ఆదివారం వాడు ముందు బల్ల మీద, నా పక్కనే కూర్చుంటాడు. అంతకుముందు నాకు తెలియాలి."

"ఈల వినపడట్లేదు. మలుపు తిరిగినట్టున్నాడు."

"తిరిగాడు. వాడి అంకె మీరు నాకింకా చెప్పలేదు."